ప్లాస్టిక్ మోడల్ కిట్లకు జిగురు: అపోహలు - వాస్తవాలు

థర్మోకోల్ ముక్క ఒకటి తీసుకుని దాని మీద ఒక్క చుక్క మోడల్ సిమెంట్, అంటే ప్లాస్టిక్ మోడల్ ముక్కలను కరిగించి అతికే జిగురు, వేయండి. చూస్తుండగానే చుక్క పడ్డచోట గుంట పడి లోపలికి దిగిపోతుంది. థర్మోకోల్ అంటే గాలితో పొంగించిన పాలిస్టైరిన్. విమానాలు, ట్యాంకుల చిన్న నమూనాలను విడి ముక్కల కిట్లుగా అమ్మే ఎయిర్‌ఫిక్స్, టామియా, రెవెల్, హాసెగావా, ఎవరి పెట్టె తెరిచినా ఫ్రేములకు వేలాడే బూడిదరంగు ముక్కలు దాదాపుగా ఆ పాలిస్టైరినే. కాకపోతే గాలి లేకుండా గట్టిగా అచ్చుపోసింది. ఆ గుంటలో జరిగిందే మీ విమానం అతుకులోనూ జరగాలి, కాస్త అదుపులో. ఈ సంగతి గుర్తుంటే జిగురు గురించి చెలామణిలో ఉన్న సగం మాటలు ఎందుకు తప్పో ఇట్టే తెలుస్తుంది.

(అన్నట్టు, సిమెంట్ సీసా ఒరిగిపోకుండా థర్మోకోల్ దిమ్మెలో గుచ్చి పెట్టేవాళ్లున్నారు. ఒక చుక్క కారితే ఆ దిమ్మె మిగలదు. చెక్కముక్కకో, మందపాటి అట్టకో సీసా పట్టేంత రంధ్రం చేసుకోండి.)

అపోహ: ఇంట్లో ఫెవిక్విక్ ఉండగా వేరే జిగురు కొనడం దండగ.

వాస్తవం: ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూలు సయనోఅక్రిలేట్. ముక్కల మీదున్న తేమ తగలగానే గట్టిపడి, రెండింటి మధ్య పెళుసైన పల్చని పొరగా నిలుస్తాయి. ముక్కలు మాత్రం దేనికవే. సూటిగా లాగితే ఆ పొర బాగానే తట్టుకుంటుంది. పక్కనుంచి దెబ్బ తగిలినా, అంచు పట్టి ఒలిచినట్టు లాగినా పుటుక్కున ఊడుతుంది. చక్రాల కాళ్లు, ట్యాంకు మీది కొక్కేలు మాటిమాటికీ రాలిపోయేది ఇందుకే.

మోడల్ సిమెంట్ దారి వేరు. ఉదాహరణకు టామియా ఎక్స్‌ట్రా థిన్‌లో ఉండేవి బ్యూటైల్ ఎసిటేట్, ఎసిటోన్. అవి రెండు అంచులనూ మెత్తబరుస్తాయి. మెత్తబడ్డ ప్లాస్టిక్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది. ద్రావకం ఆవిరయ్యాక అతుకులో మిగిలేది ప్లాస్టిక్కే. గేటుకు వెల్డింగ్ చేసినట్టన్నమాట. పైగా ముక్క వంకరగా కూర్చుంటే సర్దుకోవడానికి కొన్ని సెకన్ల వ్యవధి దొరుకుతుంది. సూపర్‌గ్లూ ఆ అవకాశం ఇవ్వదు.

అలాగని సూపర్‌గ్లూ లేకుండా పని జరగదు. ఇత్తడి ఫొటో ఎచ్ రేకులు (రసాయనంతో కోసిన పల్చని చిన్న భాగాలు), రెజిన్ (పోతపోసి గట్టిపరచిన వేరే రకం ప్లాస్టిక్) ముక్కలు, లోహపు తుపాకీ గొట్టాలు పాలిస్టైరిన్‌కు అతకాలంటే అదో, అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీయో కావాలి. సిమెంట్ ఇత్తడిని ఏమీ చేయలేదు కదా. ట్యూబు మూతితో నేరుగా పిండకండి. పాత నీళ్లసీసా మూత మీద ఒక చుక్క వేసుకుని, గుండుసూది మొనతో అద్ది పెట్టండి.

అపోహ: సిమెంట్ ఎంత ఎక్కువ పూస్తే అతుకు అంత బలం.

వాస్తవం: ఎక్కువైన ద్రావకం బయటికి పోయే దారిలేక ప్లాస్టిక్‌ను రోజుల తరబడి మెత్తగా ఉంచుతుంది. పల్చని ముక్కలు వంగిపోతాయి. పైనున్న రివెట్లు, ప్యానెల్ గీతలు కరిగి మాసిపోతాయి. బిగువుగా కూర్చున్న ముక్కల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌కు ద్రావకం ఎక్కువగా తగిలితే అక్కడే సన్నని పగుళ్లు వస్తాయి. నొక్కితే కూర్చునే కిట్లలో రంధ్రాన్ని కొంచెం వదులు చేశాకే సిమెంట్ వాడమనేది అందుకే.

సరైన మోతాదు ఎలా ఉంటుందో 1/72 (అసలు విమానంలో 72వ వంతు) మిగ్-21 బాడీ రెండు సగాలతో చూద్దాం. మొదట జిగురు లేకుండా జతచేయాలి. ఫ్రేము నుంచి తెంపినచోట మిగిలిన మొటిమలు అడ్డుపడుతుంటే 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) చదును చేయాలి. జతచేసిన బాడీని ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూస్తే సందు ఎక్కడుందో తెలుస్తుంది. ఇక సిమెంట్. పల్చని రకం సీసా మూతకే చిన్న కుంచె ఉంటుంది. దాన్ని సీసా మూతి అంచుకు రెండు పక్కలా రాసి, దాదాపు పొడిగా కనిపించేదాకా అదనపు సిమెంట్ వదిలించండి. రెండు సగాలనూ వేళ్ల మధ్య పట్టుకుని, వెంట్రుక పట్టేంత సందు వదిలి, వీపు అతుకు మీద కుంచె మొన ఆనించండి. పూయక్కర్లేదు. వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ సందు సిమెంట్‌ను తనలోకి లాగేసుకుంటుంది. మెరిసే తడిగీత ఒకటి రెండు సెంటీమీటర్లు పరుగెత్తి ఆగుతుంది. ఆగినచోట మళ్లీ ఆనించాలి. ఇలా 4, 5 సెంటీమీటర్లు కాగానే పది, పదిహేను సెకన్లు ఆగి మెల్లగా నొక్కండి. అతుకు పొడవునా సన్నని గట్టులా ప్లాస్టిక్ పైకి ఉబుకుతుంది. ఆ గట్టు తెగకుండా సాగిందంటే లోపల సందు మిగల్లేదని అర్థం. మధ్యలో ఎక్కడైనా తెగితే అక్కడ ఇంకో స్పర్శ చాలు. ఉబికినదాన్ని తుడవకండి, గోకకండి. పూర్తిగా ఆరాక చెక్కి రుద్దేయవచ్చు.

ఇదంతా చేసేటప్పుడు వేళ్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. అతుకు మీద వేలు ఉంటే సిమెంట్ సందు వెంట వచ్చి వేలి కిందికి పాకుతుంది. వేలు తీసేసరికి వేలిముద్ర ప్లాస్టిక్‌లో అచ్చుపడుతుంది. అతుకుకు అడ్డంగా మాస్కింగ్ టేపు వేసినా అంతే, టేపు కింద మడుగు కడుతుంది. వేళ్లనూ టేపునూ అతుకు నుంచి కాస్త దూరంగా, వంతెనలా ఉంచండి.

అపోహ: పొరపాటున సిమెంట్ పడితే వెంటనే తుడిచేయాలి.

వాస్తవం: తుడిస్తే మెత్తబడ్డ ప్లాస్టిక్ గుడ్డతో పాటు లేచివస్తుంది. చిన్న మరక కాస్తా పెద్ద మచ్చ అవుతుంది. పల్చని రకమైతే ముట్టుకోకుండా వదిలేయండి. చాలాసార్లు ఆనవాలు లేకుండా ఆవిరైపోతుంది. గుర్తు మిగిలితే మర్నాడు 800, ఆపైన 1200 నంబరు వాటర్ పేపర్ తడిపి రుద్దితే పోతుంది.

అపోహ: సిమెంట్లన్నీ ఒకటే, ఏది దొరికితే అది చాలు.

వాస్తవం: చిక్కని సిమెంట్‌లో ద్రావకంతో పాటు రెజిన్ కలిపి ఉంటుంది, అందుకే నెమ్మదిగా ఆరుతుంది. రెక్కల పై, కింది సగాల్లాంటి వెడల్పాటి ముఖాలకు ముందే పూసి, తీరిగ్గా జతచేయడానికి ఇది నయం. టామియాలో తెల్ల మూత సీసా ఈ రకం. పచ్చ మూత ఎక్స్‌ట్రా థిన్ జతచేశాక సందులోకి పాకించడానికి. రెండూ 40 మి.లీ. సీసాలే. రెవెల్ కాంటాక్టా ప్రొఫెషనల్‌కు సూదిలాంటి సన్నని గొట్టం ఉంటుంది. చిన్న గుబ్బలకు, రంధ్రాలకు అది చేతికి ఒదుగుతుంది. పాతకాలపు ట్యూబు సిమెంట్ మాత్రం తీగలు సాగి అద్దాల (పారదర్శక ప్లాస్టిక్ ముక్కల) మీదా పైనున్న గీతల మీదా పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దాన్ని ఇవ్వకపోవడమే మేలు. ఒక్క సీసాకే డబ్బులుంటే పల్చనిది కొనండి.

అపోహ: పది నిమిషాల్లో గట్టిపడింది, ఇక రుద్దేయవచ్చు.

వాస్తవం: చేతికి గట్టిగా తగలడం వేరు, లోపలి ద్రావకమంతా పోవడం వేరు. పల్చని సిమెంట్ అతుకు నిమిషంలోపే నిలబడుతుంది, అరగంటకు పట్టుకుని పని చేసుకోవచ్చు. కానీ గట్టును చెక్కి రుద్దడానికి కనీసం 24 గంటలు, చిక్కని సిమెంట్ అయితే 48 గంటలకు పైనే ఆగాలి. తొందరపడి రుద్దితే ఆ పూటకు అద్దంలా కనిపిస్తుంది. రంగు వేసిన వారానికి అతుకు వెంట సన్నని కాలువ తేలుతుంది. లోపల మిగిలిన ద్రావకం పోతూ పోతూ ప్లాస్టిక్‌ను కుదించడమే దానికి కారణం. అప్పుడు రంగు తీసి మళ్లీ మొదటికి రావాలి. మన మే నెల ఎండల్లో పల్చని సిమెంట్ కుంచె మీదే ఆరిపోతుంటుంది కాబట్టి ఒక్కో విడత రెండు సెంటీమీటర్లకు మించి పెట్టుకోకండి. పైన త్వరగా ఆరినంత మాత్రాన రుద్దే గడువు తగ్గించకండి.

అపోహ: ప్లాస్టిక్ జిగురు కాబట్టి ప్లాస్టిక్ ఏదైనా అతుకుతుంది.

వాస్తవం: బందాయ్ కంపెనీ గన్‌డమ్ (రోబో బొమ్మల) కిట్ ఫ్రేముల అంచులు చూడండి. పీఎస్, ఏబీఎస్, పీఈ అని పోతపోసి ఉంటుంది. పీఎస్ అంటే పాలిస్టైరిన్, మామూలు సిమెంట్ సరిపోతుంది. ఏబీఎస్‌కు మామూలు సిమెంట్‌తో పట్టు బలహీనం, దానికని విడిగా ఏబీఎస్ సిమెంట్ అమ్ముతారు. పీఈ అంటే పాలిథిలిన్, కీళ్లలో పెట్టే మెత్తని బూడిదరంగు క్యాపులు. వాటిని మోడలింగ్ బల్ల మీదున్న ఏ జిగురూ పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. అవి తిరగడానికే పెట్టారు. గుర్తు లేకపోతే ఫ్రేము చివర ఒక చుక్క వేసి, నిమిషమయ్యాక గోరుతో గీకండి. మెత్తబడి గీత పడితే సిమెంట్ పనిచేస్తుంది. రెజిన్, 3డీ ప్రింట్ రెజిన్ ముక్కలకు సూపర్‌గ్లూ లేదా ఎపాక్సీ.

మెత్తటి వినైల్ టైర్ల దగ్గర ఇంకో చిక్కు. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లమెల్లగా బయటికి ఊరి, పాలిస్టైరిన్ చక్రాన్ని కరిగిస్తుంది. కొన్నేళ్లకు చక్రం జావలా తయారవుతుంది. చక్రం అంచుకు ముందే రంగు వేసి పూర్తిగా ఆరనిస్తే ఆ రెంటికీ మధ్య అడ్డుగోడ ఉంటుంది.

అపోహ: రంగు వేశాక కూడా సిమెంట్‌తో అతికించుకోవచ్చు.

వాస్తవం: సిమెంట్ రంగును దాటి ప్లాస్టిక్‌ను చేరదు. రంగుకే రంగు అతుకుతుంది, ఆ పొరతో పాటే ముక్క ఊడుతుంది. అతుకు పడేచోట రంగు వేయకుండా టేపు వేయండి, లేదా బ్లేడుతో గీకి ప్లాస్టిక్ కనిపించేలా చేయండి. కార్ల కిట్లలో క్రోమ్ పూత ముక్కలకూ ఇదే మాట.

అపోహ: కాక్‌పిట్ అద్దానికి సూపర్‌గ్లూ అయితే కనబడకుండా అతుకుతుంది.

వాస్తవం: గట్టిపడేటప్పుడు సూపర్‌గ్లూ నుంచి లేచే ఆవిరి అద్దం లోపలి ముఖం మీద తెల్లని మసకలా పేరుకుంటుంది. మూసేసిన కాక్‌పిట్‌లో దాన్ని తుడవడానికి దారి ఉండదు. సిమెంట్ జారితే అద్దం మీద పాలగీతలు పడతాయి. ఇక్కడ నిజంగా పనికొచ్చేది తెల్లని ఫెవికాల్ లాంటి పీవీఏ జిగురు. అగ్గిపుల్ల మొనతో అంచు చుట్టూ సన్నగా పూసి, అద్దం కూర్చోబెట్టి, పైకి వచ్చినదాన్ని తడి కుంచెతో తుడిచేయండి. తెల్లగా కనిపించినా ఆరాక పారదర్శకమవుతుంది. పట్టు తక్కువే, కానీ అద్దం మీద ఎవరూ బరువు పెట్టరు.

అపోహ: అద్దానికి పనికొచ్చిన ఫెవికాల్ విమానం ముక్కులో పెట్టే బరువుకూ పనికొస్తుంది.

వాస్తవం: ఈ పొరపాటు ఫలితం ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అందుకే దీని గురించి గట్టిగా చెప్పాలి. ముందు చక్రమున్న విమానాలు తోక మీద కూలబడకుండా ముక్కులో బరువు నింపుతాం. చేతికి దొరికేవి గాలాలకు కట్టే సీసపు గుండ్లు. వాటి మీద పీవీఏ పోసి మూసేస్తే, ఆ జిగురు వదిలే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని కొరుకుతుంది. సీసం తెల్లని పొడిగా మారుతూ ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఎంతో శ్రమపడి నునుపు చేసిన అతుకు నిలువునా చీలుతుంది. సైకిల్ బేరింగు గుళ్లు వాడండి, అరాల్డైట్ లాంటి ఎపాక్సీతో బిగించండి. రెండు ట్యూబులూ సమానంగా పిండి, నిమిషం పాటు బాగా కలపాలి. ఎక్కువ ముద్ద ఒకేసారి పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, కాబట్టి రెండు మూడు విడతలుగా పోయండి.

అపోహ: సిమెంట్‌లో ఉండేది ఎసిటోనే కదా, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే పోలా?

వాస్తవం: ఒట్టి ఎసిటోన్ మరీ త్వరగా ఆవిరై, ముఖాన్ని తెల్లగా, జిగటగా చేసి వదిలేస్తుంది. అతుకు కలిసేంత వ్యవధి ఇవ్వదు. రిమూవర్‌లోనైతే నీళ్లు, నూనె, రంగు, సువాసన కూడా కలిసి ఉంటాయి. అక్రిలిక్ నేమ్‌బోర్డులు చేసే షాపుల్లో దొరికే క్లోరోఫాం పాలిస్టైరిన్‌నూ కరిగిస్తుంది నిజమే. కానీ అది కాలేయాన్ని దెబ్బతీసే పదార్థం, పిల్లలు తిరిగే గదిలో ఆ సీసా ఉండకూడదు.

అపోహ: వాసన లేకపోతే, మంచి వాసన వస్తే హాని లేనట్టే.

వాస్తవం: నారింజ వాసన వచ్చే లిమొనీన్ సిమెంట్ ముక్కుకు హాయిగా ఉంటుంది, నెమ్మదిగా ఆరుతుంది. కానీ అదీ మండే ద్రావకమే. గాలి తగిలి పాతబడ్డ లిమొనీన్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. ఏ సిమెంటయినా కిటికీ తెరిచి వాడండి. దగ్గరలో దీపం, అగరొత్తి, పొయ్యి ఉండకూడదు. సూపర్‌గ్లూ ఒలికితే దూదితో, నూలుగుడ్డతో అద్దకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా గట్టిపడి చర్మం కాలేంత వేడి పుట్టిస్తుంది, పొగ కూడా రావచ్చు.

అపోహ: సందులు పూడ్చడానికి పుట్టీయే కావాలి.

వాస్తవం: సగం ఖాళీ అయిన పల్చని సిమెంట్ సీసాలో ఫ్రేము ముక్కలు సన్నగా తరిగి వేసి ఒక రాత్రి వదిలితే తేనెలాంటి ద్రవం తయారవుతుంది. సందు పూడ్చినది కూడా అదే ప్లాస్టిక్ కాబట్టి రుద్దినప్పుడు ఎగుడుదిగుడు రాదు. కాకపోతే ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. లోతైన సందుకు రెండు పూతలు, మధ్యలో ఒకరోజు విరామం. తొందరగా కావాలంటే సూపర్‌గ్లూ మీద వంటసోడా చల్లితే క్షణాల్లో రాయిలా బిగుస్తుంది. దాన్ని గంటలోపే రుద్దేయాలి. ఆలస్యమైతే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడి, వాటర్ పేపర్ ప్లాస్టిక్‌నే తినేస్తుంది.

అపోహ: ఒకసారి తెరిచిన సూపర్‌గ్లూ ఇక పనికిరాదు.

వాస్తవం: దాని శత్రువు తేమ. మూతి తుడిచి, మూత బిగించి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నెలల తరబడి నిలుస్తుంది. వాడేముందు డబ్బా మూత తీయకుండా గంటసేపు బయట పెట్టండి. చల్లగా ఉండగానే తెరిస్తే ట్యూబు మూతి మీద నీటి ఆవిరి చేరి, మిగిలినది కూడా గడ్డకడుతుంది.