పాత బేస్ గిటార్లు, కొత్త వేళ్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గత నెలలో ఒక కుర్రవాడు చెన్నై వడపళనిలోని నా గదికి పెద్ద పెట్టె మోసుకుంటూ వచ్చాడు. నెల్లూరు వాడు, ఇక్కడ ఉద్యోగం. మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ నేర్చుకోవాలనీ, నేర్చుకునేదేదో మంచి వాద్యం మీదే నేర్చుకుంటే త్వరగా వస్తుందని విని అమెరికాలోని ఫెండర్ సంస్థ 1964లో చేసిన జాజ్ బేస్ కొన్నాననీ చెప్పాడు. అందుకు పెట్టిన డబ్బెంతో విన్నాక కాసేపు నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ బేస్ నేర్పుతూ, వాద్యాలు మరమ్మతు చేస్తూ నేను వింటున్న అపోహల్లో సగం ఆ ఒక్క పెట్టెలోనే కనిపించాయి.

అపోహ: బేస్ ఎంత పాతదైతే అంత మంచిది.

ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్‌ను 1951లో, జాజ్ బేస్‌ను 1960లో తెచ్చింది. 1965 జనవరిలో ఆ సంస్థను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. ఆ తరువాత తయారీలో నాణ్యత క్రమంగా తగ్గిందన్న అభిప్రాయం వాద్యకారుల్లో బలంగా ఉంది కనుక, అంతకు ముందువాటికి ధర ఆకాశాన్నంటుతుంది. అయితే ఆ ధరలో అధికభాగం అరుదుదనానికే తప్ప నాదానికి కాదు. చేతిపనిలో తేడాలుండే ఆ రోజుల్లో ఒకే ఏడాది తయారైన రెండు బేస్‌లలో ఒకటి గంటలా మోగితే, మరొకటి మూగగా ఉండటం కద్దు.

ఇక వయసు నిర్ధారణ సంగతి. కుర్రవాడి బేస్ వెనుక, వేళ్లు ఆడించే పొడవాటి మెడ అయిన నెక్‌ను బాడీకి బిగించే ఇనుప పలక మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంది; అది 1960ల తొలి సగానికి చెందిన వరుసే. కానీ పలకను పట్టి ఉంచేవి నాలుగు మరలే కదా, ఏ పలకనైనా తీసి ఏ బేస్‌కైనా బిగించవచ్చు. నెక్ విప్పి చూస్తే, దాని మడమ (బాడీలో కూర్చునే చివర) దగ్గర తేదీ ఉండవలసిన చోట గరుకు కాగితంతో రుద్దిన మరక కనిపించింది. వాల్యూమ్ పాట్లు (ధ్వని పెంచే, తగ్గించే గుండీల కింది భాగాలు) బిగించిన రేకు ఎత్తి, అద్దం పెట్టి చూస్తే ఒక పాట్ వీపున 1377214 అని ఉంది. 137 అంటే సీటీఎస్ అనే తయారీదారు, 72 అంటే 1972, 14 అంటే ఆ ఏడాది పద్నాలుగో వారం. పాట్‌ను ఎవరో మధ్యలో మార్చి ఉండవచ్చు గదా అని మీరు అడగవచ్చు. నిజమే, అందుకే టంకం కూడా చూడాలి. ఇక్కడ టంకం చెక్కుచెదరలేదు, అంటే పాట్ ఎవరూ మార్చలేదు, కనుక ఈ వైరింగ్ 1972కు ముందుది కాదు. ఇంతవరకే ఆ సంఖ్య చెబుతుంది, అంతకుమించి కాదు: ఫెండర్ 1966లో పెద్దమొత్తంలో కొన్న పాట్లు 1969 నాటి వాద్యాల్లో కూడా కనిపిస్తాయి. అమ్మినవారి పేరు నేను రాయను. కొనేముందు మరలు విప్పి చూపించమని అడగండి. కుదరదన్నవారి దగ్గర కొనకండి.

అపోహ: తీగలు ఎత్తుగా ఉంటే నెక్‌లోని ట్రస్ రాడ్ తిప్పితే చాలు.

చెన్నైలో నా దగ్గరికి వచ్చే మరమ్మతుల్లో ఎక్కువ భాగం దీని ఫలితమే. ట్రస్ రాడ్ అంటే నెక్ లోపలుండే ఇనుప కడ్డీ, దాని పని నెక్ వంపును సరిచేయడం. తీగల ఎత్తు సరిచేసేది బాడీ మీద తీగల చివర ఉండే బ్రిడ్జ్. ఏసీ గదిలో ఎండిన కొయ్య, ఈశాన్య రుతుపవనాల వేళ బయటి తేమకు సాధారణంగా ముందుకు వంగుతుంది. తీగను మొదటి మెట్టు (ఫ్రెట్) దగ్గరా చివరి మెట్టు దగ్గరా నొక్కిపట్టి, ఎనిమిదో మెట్టుకూ తీగకూ మధ్య సందు కొలిస్తే 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. మరీ ఎక్కువుంటే ట్రస్ రాడ్ చివరి నట్‌ను పావు చుట్టు తిప్పి, శ్రుతి చేసి, ఒక రాత్రి వదిలేయాలి. పాత ఫెండర్లలో ఆ నట్ నెక్ మడమ దగ్గర ఉంటుంది కనుక ప్రతి సర్దుబాటుకూ నెక్ సడలించవలసి వస్తుంది. మొదటిసారి కొనేవారికి ఈ చాకిరీ అవసరమా అన్నది ఆలోచించుకోవాలి.

అపోహ: పాత తీగలే అసలైన బేస్ నాదం ఇస్తాయి.

అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. అవి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. మనవాళ్లలో ఎక్కువమంది వాడే రౌండ్‌వౌండ్ తీగల చుట్ల మధ్య చెమటా మురికీ చేరి మెరుపు పోతుంది. బీసెంట్ నగర్‌లో ఉండే నా విద్యార్థి తీగలకు కడలిగాలి తుప్పు కూడా తోడవుతుంది. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడమే దానికి మందు.

అపోహ: గిటార్ రానివాళ్లకు బేస్, నాలుగు తీగలే కదా.

గిటార్ స్కేల్ పొడవు, అంటే తీగ మోగే భాగం పొడవు, సాధారణంగా 25.5 అంగుళాలు, బేస్‌కు 34. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు గిటార్ మీద 10 సెంటీమీటర్లు కూడా ఉండదు, బేస్ మీద దాదాపు 13. అందుకే కింది మెట్ల దగ్గర మెట్టుకొక వేలు పెట్టి చేయి నొప్పి తెచ్చుకోవద్దని, డబుల్ బేస్ వాద్యకారుల్లాగా చూపుడు, నడిమి, చిటికెన వేళ్లు వాడమని చెబుతాను. ఉంగరపు వేలు చిటికెన వేలికి ఊతంగా ఉంటుంది. వీణ నేర్చినవారు మెట్టు మీదనే వేలు ఆనిస్తారు. బేస్ మీద మెట్టుకు కాస్త వెనుక నొక్కాలి, లేకపోతే స్వరం మూగబోతుంది.

అయినా అసలు కష్టం నొక్కడంలో లేదు, ఆపడంలో ఉంది. ఒక తీగ మీటితే మిగతా మూడూ తమంతట తాము గొణుగుతాయి. వాటిని కుడిచేతి బొటనవేలితోనూ ఎడమచేతి వేళ్ల అడుగుభాగంతోనూ అణచి ఉంచడం రావడానికి నెలలు పడుతుంది. గదిలో ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఈ గొణుగుడు చెవికి ఆనదు. రికార్డు చేస్తే మాత్రం పరువు తీస్తుంది.

అపోహ: పాటలో బేస్ ఉన్నా లేకున్నా తేడా తెలియదు.

అన్నిటికంటే లావు తీగ ఖాళీగా మీటితే దాదాపు 41 హెర్ట్జ్ పలుకుతుంది. సెల్‌ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. తేడా తెలియనిది అందుకే. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇళయరాజా పాటలు వినండి. వాటిలో శశిధరన్ వాయించిన బేస్, గాత్రం వెనుక నడవకుండా దాని పక్కనే తన సొంత రాగరేఖ గీసుకుంటూ పోతుంది. తెలుగు పాటలు కూడా మద్రాసులోనే రికార్డయిన రోజుల నాదం అది.

నెల్లూరు కుర్రవాడి బేస్ వాద్యంగా చెడ్డది కాదు, 1964దీ కాదు. నెక్ కుదురుకునేవరకు అది నా గోడకు వేలాడుతుంటుంది. అతను ప్రస్తుతానికి నా దగ్గరున్న మామూలు కొత్త బేస్ మీద, మూడు వారాలుగా, రెండు తీగలతోనే కుస్తీ పడుతున్నాడు. మొన్న ఆదివారం మొదటిసారి మిగతా రెండు తీగలూ నోరు మూసుకున్నాయి.