ఎఫ్‌ఆర్ అని రాసుంటే అంటుకోదా? ప్లాస్టిక్ మంటల పరీక్షల వెనక కథ

చెన్నైలో కొత్త ఇంటికి వైరింగ్ మొదలుపెట్టి ప్యారీస్ కార్నర్ వైపు ఏ ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లినా ఒక మాట చెవిన పడుతుంది: "ఇది ఎఫ్‌ఆర్ సార్, నిప్పంటుకోదు, ధైర్యంగా తీసుకెళ్లండి." కాయిల్ మీద ఎఫ్‌ఆర్ (ఫ్లేమ్ రిటార్డెంట్, అంటే మంటని నెమ్మదింపజేసేది) అని ఉండే మాట నిజమే. నిప్పంటుకోదని మాత్రం ఎక్కడా ఉండదు. ఇలాంటి మాటల మీద యాభై ఏళ్ల కిందట అమెరికాలో పెద్ద గొడవే నడిచింది.

ప్లాస్టిక్‌కీ నిప్పుకీ చుట్టరికం పాతది. 1870 ప్రాంతంలో వచ్చిన సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం (అవును, మనం హారతిచ్చేదే) కలిపి చేసిన సరుకు, మంటకి కావాల్సిన ఆక్సిజన్ కొంత దానిలోనే ఉంటుంది. దానితో చేసిన పాత నైట్రేట్ సినిమా రీలు అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. ఆ భయంతోనే బ్రిటన్ 1909లో సినిమాటోగ్రాఫ్ చట్టం తెచ్చింది, మన దేశంలో 1918లో వచ్చింది. సినిమా సెన్సార్ పుట్టింది ఈ చట్టాల నుంచే. కోడంబాక్కంలో సెన్సార్‌ని తిట్టుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాలిథిన్, పాలీస్టైరిన్, పాలీయురెథేన్ ఫోమ్ ఇళ్లలోకి వచ్చిపడ్డాయి. వాటికి చేసిన పరీక్షలు చాలా చిన్నవి. చిన్న ముక్క, చిన్న మంట, గీత దాకా కాలకుండా ఆరిపోతే "తనంతట తానే ఆరిపోయేది" అని పేరు పెట్టి అమ్మేయడం. అదే ఫోమ్ గోడ నిండా ఉన్నప్పుడు గది వేడెక్కితే ఆరడం మాట అటుంచి, మంట పరుగెత్తేది. 1973లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సుమారు పాతిక ప్లాస్టిక్ కంపెనీల మీద, వాటి సంఘం మీద, ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం మీద కూడా ఫిర్యాదు పెట్టింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది: అలాంటి మాటలు వాడకూడదు, పరిశోధనకి 50 లక్షల డాలర్లు ఇవ్వాలి.

అప్పటికే 1966లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఫెనిమోర్, మార్టిన్ ఆక్సిజన్ ఇండెక్స్ పద్ధతి కనిపెట్టారు. గాజు గొట్టంలో ప్లాస్టిక్ పుల్లని నిలబెట్టి, కింద నుంచి ఆక్సిజన్, నైట్రోజన్ కలిపి పంపిస్తూ పైకొసన అంటిస్తారు. మంట కొవ్వొత్తిలా కిందికి దిగుతుంది. ఆక్సిజన్ తగ్గించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట నిలవలేక ఆరిపోతుంది, ఆ అంచులోని శాతమే ఇండెక్స్. గాలిలో ఉన్నది 21. పాలిథిన్‌కి 17, 18 వస్తుంది, కాబట్టి హాయిగా కాలుతుంది. గట్టి పీవీసీకి 45 దాకా వస్తుంది గానీ, వైరు వంగాలని మెత్తబరిచే నూనెలు కలిపేసరికి అది ఇరవైల్లోకి పడిపోతుంది. అందుకే యాంటిమనీ ట్రయాక్సైడ్ లాంటి మంటని అణిచే పొడులు కలిపి మళ్లీ పైకి లాగుతారు. పీవీసీ వైర్లకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 694 ప్రకారం ఎఫ్‌ఆర్ వైరుకి కనీసం 29 రావాలి. అసలు చిక్కేమిటంటే, ఈ అంకె మామూలు గది వేడిలో తీసింది. వేడి పెరిగేకొద్దీ ఇండెక్స్ దిగిపోతుంది, ఈ ముక్క షాపువాడు చెప్పడు.

పైగా పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు, నల్లటి పొగ. మంట దాకా రాకముందే మనిషిని పొగే పడగొడుతుంది. భూగర్భ మెట్రోల్లో హాలోజన్ (క్లోరిన్ లాంటి మూలకాలు) లేని కేబుళ్లు వాడేది అందుకే.

1982లో అమెరికాలో బాబ్రౌస్కస్ అనే పరిశోధకుడు కాలే వస్తువు నుంచి వచ్చే వేడిని కొలిచే కోన్ కెలోరీమీటర్ తెచ్చాక ప్రశ్నే మారింది. అంటుకుంటుందా అని కాదు, అంటుకున్నాక ఎంత వేగంగా వేడి కక్కుతుంది అని. ఏ ప్లాస్టిక్ కాలినా, కిలో ఆక్సిజన్ ఖర్చయితే దాదాపు 13.1 మెగాజౌళ్ల వేడి వస్తుంది. అంటే వేడిని నేరుగా కొలవక్కర్లేదు, పొగగొట్టంలో తగ్గిన ఆక్సిజన్‌ని కొలిస్తే చాలు. నాకు ఈ మొత్తం కథలో ఇంత తెలివైన కిటుకు ఇంకోటి కనపడలేదు.

ఆ అంకెలే ఇప్పుడు కంప్యూటర్ మోడళ్లకి మేత. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో విడుదల చేసిన ఎఫ్‌డీఎస్ అనే మంటల సాఫ్ట్‌వేర్ గదిలో పొగ, వేడి ఎటు పోతాయో బాగానే లెక్కగడుతుంది. ప్లాస్టిక్ లోపల జరిగేది మాత్రం ఇంకా తలనొప్పే. అది కరుగుతుంది, బుడగలొస్తుంది, మండుతూ బొట్లుగా కారి కింద ఇంకోదాన్ని అంటిస్తుంది. ప్లాస్టిక్ మంటకి అమెరికాలో చేసే యూఎల్ 94 పరీక్షలో అయితే కింద దూది పెట్టి చూస్తారు, బొట్టు పడి దూది అంటుకుంటే మంచి గ్రేడు వీ-0 రాదు, మహా అయితే దానికన్నా కింది గ్రేడు వీ-2. దూది పెట్టడం సులువే, ఆ బొట్టు ఎప్పుడు, ఎక్కడ పడుతుందో సమీకరణాల్లో ముందుగా చెప్పడం దగ్గరే ఇంకా కుస్తీ పడుతున్నారు.