ఊరి ప్లానింగ్: మీటింగుల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఆర్కిటెక్ట్‌గా మొదలై, ఇప్పుడు ఊళ్ల ప్లానింగ్ పనిలో ఉన్నాను. ఎక్కడ మీటింగు పెట్టినా మొదటి పది నిమిషాల్లో ఇవే మాటలు వినిపిస్తాయి. కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: నిపుణులు వచ్చి ప్లాన్ గీసిస్తారు, జనం ఒప్పుకుంటే చాలు.

వాస్తవం: 2010 ఫిబ్రవరిలో చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ వెనకే వచ్చిన సునామీకి కాన్‌స్టిట్యూసియోన్ పట్టణం బాగా దెబ్బతింది. మళ్లీ కట్టడానికి ప్లాన్ వేయమని ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందానికి 100 రోజులు ఇచ్చారు. నీళ్లు ముంచెత్తిన చోట ఇక ఎవరినీ ఉండనివ్వకూడదా, పెద్ద గోడ కట్టాలా, చెట్లు పెంచి అలల జోరు తగ్గించాలా అన్నది ప్రశ్న. జనంతో కూర్చుంటే వేరే సంగతులు బయటపడ్డాయి. సునామీ ఎప్పుడో వస్తుంది సరే, వానలకు ఏటా ఊరు మునుగుతోంది, దాని మాటేమిటన్నారు. నది పక్కనే ఉన్నా నది దగ్గరికి పోయే దారి లేదన్నారు, నలుగురు కలిసి కూర్చునే చోటు లేదన్నారు. చివరికి తీరం వెంట అడవి పెంచాలని తేల్చారు. అలను నెమ్మదింపజేయడం, వాననీటికి చోటివ్వడం, జనానికి నది ఒడ్డు తెరవడం, మూడూ అందులోనే కుదిరాయి. సునామీ ఒక్కదాని గురించే అడిగి ఉంటే ఈ జవాబు దొరికేది కాదనుకుంటాను.

నా అనుభవం ఇంత పెద్దది కాదు. ఒకసారి నా మ్యాపు చూసి ఒక పెద్దావిడ, "బాబూ, నువ్వు బెంచీలు వేసిన చోట మోకాళ్ల దాకా నీళ్లు నిలుస్తాయి" అంది. సర్వేలో ఆ పల్లం లేదు. నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు మీటరు ఎత్తుకొకటి చొప్పున వేసిన షీటులో అంత చిన్న పల్లం కనబడదు మరి. బెంచీలు జరిపాను.

అపోహ: అందరినీ అడుగుతూ కూర్చుంటే పని తెమలదు.

వాస్తవం: పైన చెప్పిన 100 రోజుల్లో జనంతో మాట్లాడటం కూడా ఉంది. అడగకుండా గీస్తే, అంతా తయారయ్యాక అభ్యంతరాలు వచ్చి మళ్లీ మొదటికొస్తుంది. అయితే అడగడంలోనూ తేడాలున్నాయి. అమెరికాలో ఊళ్ల ప్లానింగ్ గురించి రాసిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపించారు. అందులో అభిప్రాయాలు తీసుకోవడం నాలుగో మెట్టు మాత్రమే. నిజం చెప్పాలంటే మా మీటింగులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

అపోహ: పర్యావరణం సంగతి చూసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

వాస్తవం: ఒక్కోసారి అవుతుంది, కాదనను. కానీ 2011 జూలై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో రెండు మూడు గంటల్లో సుమారు 150 మిల్లీమీటర్ల వాన కురిశాక అక్కడివాళ్లు లెక్కలు వేసి చూశారు. పైపులు పెద్దవి చేసుకుంటూ పోవడం కంటే, వీధుల్లో, పార్కుల్లో కూడా నీటికి దారి, చోటు ఇవ్వడమే చవకని తేలింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2013లో తెరిచిన బెంథెంప్లైన్ అనే మైదానం కూడా ఇలాంటిదే. మామూలు రోజుల్లో అక్కడ బాస్కెట్‌బాల్ ఆడుకుంటారు. గట్టి వాన పడితే అది దాదాపు 17 లక్షల లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది.

అపోహ: పాతది కూల్చి గ్రీన్ బిల్డింగ్ కడితే మేలు.

వాస్తవం: చాలాసార్లు కాదు. కొత్తగా కట్టాలంటే మళ్లీ సిమెంటు కావాలి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీదే. పునాదులు, గోడలు గట్టిగా ఉంటే ముందు రిపేరు గురించి ఆలోచించాలి. కొత్త బిల్డింగు ఫొటోలో బాగుంటుంది, అది వేరే విషయం.

అపోహ: ప్లాన్ ఆమోదమైతే మా బాధ్యత తీరినట్టే.

వాస్తవం: వీధి బాగుపడితే అద్దెలు పెరుగుతాయి. ఎవరి కోసం వేశామో వాళ్లే ఖాళీ చేసి పోవాల్సి రావచ్చు. దీనికి డ్రాయింగులో మందు లేదు, అద్దెల గురించి మొదట్లోనే మాట్లాడుకోవాలి. ఇక నిర్వహణ. వాన వెలిశాక బురద కడగకపోతే నీళ్లు పట్టే మైదానంలో మర్నాడు ఆట ఉండదు. అందుకే ఈమధ్య ప్రతి షీటు మూలలో ఒక గడి గీస్తున్నాను: "దీన్ని ఎవరు శుభ్రం చేస్తారు?" అందులో పేరు పడేదాకా షీటు నా టేబుల్ మీదే ఉంటుంది.