కొండమీది మంచె: ఫైర్ లుకౌట్ల గురించి అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, క్యాస్కేడ్ కొండల మీద ఉన్న ఒక పాత ఫైర్ లుకౌట్‌లో, అంటే కార్చిచ్చు పొగ కోసం కాపలా కాసే గదిలో, వేసవి శనాదివారాలు నేను వాలంటీరుని. కిటికీ రెక్కలకు రంగు వేస్తాను, పొగ కనిపిస్తే రేడియోలో చెప్తాను, ఎక్కొచ్చినవాళ్లతో కబుర్లాడతాను. మనవాళ్లు ఎవరైనా వస్తే ముందు మంచినీళ్లు అడుగుతారు, తర్వాత "జీతమెంతిస్తారండీ?" అని అడుగుతారు. ఏమీ ఇవ్వరు. ఆ తర్వాత వాళ్లనే మాటలే ఈ అపోహలు.

అపోహ: "టవర్ ఏదండీ? ఇది గుడిసెలా ఉందే!"

వాస్తవం: చుట్టూ చెట్లు అడ్డమున్నచోటే ఎత్తు కావాలి. మన జొన్నచేలో మంచె వేసేదీ అందుకే కదా, కంకి ఎత్తు దాటి చూడ్డానికి. బోడిశిఖరం మీద కొండే మంచె. 1932లో ఇక్కడి క్యాస్కేడ్ కొండల్లోనే డెసొలేషన్ పీక్ అనే శిఖరం మీద కట్టిన లుకౌట్ నేలమీదే ఉంది: 14 అడుగుల చదరపు గది, నాలుగువైపులా కిటికీలు. ఇంకోవైపు, ఆస్ట్రేలియాలో పెంబర్టన్ దగ్గర 1947లో ఏకంగా బతికున్న కర్రి (ఒకరకం యూకలిప్టస్) చెట్టు మీదే కాపలా గది కట్టారు.

అపోహ: 1910 కార్చిచ్చు తర్వాతే లుకౌట్లు పుట్టాయి.

వాస్తవం: ఆ ఆగస్టు 20, 21 తేదీల్లో ఐడహో, మోంటానాల్లో 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి, 80 మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం ఉలిక్కిపడిందన్నది నిజం. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, ఐడహోలోని బర్తా హిల్ మీద కలప క్యాంపులో వంటచేసే మేబెల్ గ్రే చెట్టుకు ఆనించిన నిచ్చెనెక్కి పొగ కోసం చూసేది. ఇది మగవాళ్ల పని అనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఆవిడ పేరే. తర్వాత హాలీ డాగెట్ పేరు. 1913లో కాలిఫోర్నియాలోని ఎడీ గల్చ్ లుకౌట్‌లో చేరి, అమెరికా అటవీశాఖ ఫారెస్ట్ సర్వీస్‌లో ఈ పని చేసిన మొదటి మహిళ అయింది. ఆ మొదటి సీజన్లో ఆవిడ చెప్పిన మంటలు నలభై దాకా, అన్నీ కలిపి కాలిన నేల ఐదెకరాల లోపు.

అపోహ: పొగ ఎక్కడుందో కంటితో చూసి ఉజ్జాయింపుగా చెప్తారు.

వాస్తవం: గది మధ్యలో ఒక గుండ్రటి బల్లలాంటిది ఉంటుంది. దాని పేరు ఆస్బోర్న్ ఫైర్ ఫైండర్, 1910ల్లో ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగి ఆస్బోర్న్ తయారుచేశాడు. పళ్లెంలో చుట్టుపక్కల మ్యాపు, దాని నడిబొడ్డున మనమున్న కొండ. చుట్టూ తిరిగే ఇత్తడి వలయానికి ఒకవైపు సన్నని సందు, ఎదుటివైపు నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక. సందులోంచి చూస్తూ ఆ వెంట్రుక పొగ మొదలును రెండుగా చీల్చేదాకా వలయం తిప్పాలి. పొగ తలను కాదు, మొదలును. తల గాలికి ఎటైనా పోతుంది. అప్పుడు అంచుమీద డిగ్రీలు చదవాలి. దీంతో దిక్కు మాత్రమే తెలుస్తుంది, దూరం తెలియదు. ఇంకో కొండమీద ఉన్నవాళ్లు అదే పొగకు తమ డిగ్రీలు చెప్తే, రెండు గీతలు కలిసినచోట మంట. ఇంత తేలిక లెక్క మన ఎనిమిదో తరగతి పుస్తకంలో ఎందుకు పెట్టలేదో నాకర్థం కాదు.

అపోహ: పిడుగొస్తే కిందికి దిగి పారిపోతారు.

వాస్తవం: పిడుగు పడేవేళే అసలు పని, ఎక్కడెక్కడ పడిందో రాసుకోవాలి. కప్పునుంచి నేలలోకి రాగితీగలు, పొయ్యి, ఇనపమంచం అన్నీ వాటికే కలిపి ఉంటాయి. పిడుగు దెబ్బ తగలకుండా, కాళ్లకు గాజు తొడుగులున్న పీట మీద కాపలావాళ్లు నిలబడేవాళ్లు. పిడుగు పడ్డ చెట్టు లోలోపల రగిలి, రోజుల తర్వాత కూడా పొగ విడవొచ్చు.

అపోహ: లుకౌట్లే అడవిని కాపాడాయి.

వాస్తవం: ఇక్కడ నాతోటి వాలంటీర్లకు నామీద కోపమొస్తుంది. 1930ల్లో నిరుద్యోగ యువకుల దళం సీసీసీ కొండకొండకూ లుకౌట్లు కట్టింది. 1935లో, కనిపించిన ప్రతి మంటనూ మర్నాడు పొద్దున పదిగంటల్లోపు అదుపుచేయాలన్న నియమం వచ్చింది. అప్పుడప్పుడు చిన్నగా కాలి శుభ్రమవాల్సిన అడవుల్లో దశాబ్దాలపాటు ఎండుకొమ్మలూ తుప్పలూ పేరుకుపోయాయి. ఇవాళ్టి పెద్ద మంటలకు ఎండలు ముదరడంతోపాటు అదీ ఒక కారణం. చూసినవాళ్ల తప్పు లేదు, వాళ్లు చూసింది చెప్పారు.

అపోహ: కెమెరాలు, శాటిలైట్లు ఉండగా మనిషెందుకు?

వాస్తవం: అవి చాలాచోట్ల మనకంటే ముందే పట్టేస్తున్నాయి, ఒప్పుకోవాలి. మనిషికి ఉన్నదల్లా ఆ కొండతో పరిచయం. నేను మొదటి ఏడాది లోయలో లేచిన తెల్లటి మేఘాన్ని చూసి రేడియోలో గోలపెట్టాను. తీరా అది కంకరరోడ్డు మలుపులో లారీ లేపిన దుమ్ము. ఇప్పుడు ఆ మలుపులో ఏం లేచినా పట్టించుకోను. వానపడ్డ మర్నాడు లేస్తే మాత్రం బైనాక్యులర్ తీస్తాను.