కూల్చిన ఊళ్లో ఒక పరుపు

అయిదు కాన్వాసులు పక్కపక్కన చేర్చితే పది మీటర్ల పొడవు. ఆ పొడవునా ఒక పరుపు, దాని మీద చొక్కాల్లేని మగవాళ్లు. పేకాడేవాళ్లు ఆడుతున్నారు, ఒరిగినవాళ్లు ఒరిగారు. వెనక కొండలు, యాంగ్‌ట్జీ నది. చైనా చిత్రకారుడు లియు షియావోదాంగ్ 2005లో ఫెంగ్‌జీ అనే పాత పట్టణంలో, ఒక మేడ మీద కాన్వాసులు పరుచుకుని గీసిన తైలవర్ణ చిత్రమిది. పేరు ‘వెన్‌చువాంగ్’. అక్షరాలా చూస్తే వెచ్చని పక్క అని అర్థం. చైనా రైతు మాత్రం ఆ మాటను నారుమడికి వాడతాడు. మడిలో నారు పెంచేది పీకి వేరేచోట నాటడానికే కదా.

పరుపు మీదున్నవాళ్లు ఊరిని కూల్చడానికి వచ్చిన కూలీలు. ఆ ఊరిని ఎందుకు కూలుస్తున్నారన్నది చాలా పాత కథ.

యాంగ్‌ట్జీ కొండల మధ్య ఇరుకుగా పారే త్రీ గోర్జెస్ అనే చోట ఆనకట్ట కట్టాలని 1919లోనే చైనా గణతంత్ర నాయకుడు సన్ యట్‌సెన్ రాశారు. 1944లో అమెరికా ఇంజినీరు జాన్ సావేజ్ వచ్చి స్థలం పరిశీలించారు. 1956లో మావో తన కవితలో ఆ రాతి గోడను కలగన్నారు. కల కాగితం దాటడానికి ఇంకో 36 ఏళ్లు పట్టింది. 1992 ఏప్రిల్‌లో చైనా పార్లమెంటు ముందుకు త్రీ గోర్జెస్ ప్రాజెక్టు వచ్చినప్పుడు 1,767 మంది ఔనన్నారు, 177 మంది కాదన్నారు, 664 మంది ఎటూ ఓటు వేయలేదు. చేతులన్నీ ఒకేసారి లేచే ఆ సభలో ఇంతమంది వెనకడుగు వేయడమే పెద్ద విషయం. అయినా 1994 చివర పనులు మొదలయ్యాయి. 2003 జూన్‌లో నీటిమట్టం 135 మీటర్లకు చేరింది, 2010లో 175 మీటర్లకు. పన్నెండు లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలారు. కొందరు అదే కొండ మీద పైకి కట్టిన కొత్త పట్టణాలకు చేరారు. మరికొందరిని నదికి వందల మైళ్ల దూరంలో, తమ యాస వినబడని రాష్ట్రాలకు పంపారు.

ఫెంగ్‌జీ దగ్గరున్న బైదిచెంగ్ కొండ ఇప్పుడు దీవి. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లివచ్చిన తెలుగువారికి ఈ దృశ్యం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఫెంగ్‌జీ నీళ్లపాలు కాకముందే దాన్ని ఇటుక ఇటుకగా విప్పేశారు. కూలీలు సుత్తులతో గోడలు పగలగొట్టి ఇనుప చువ్వలు వేరుచేసేవారు. నీళ్లు ఎంతవరకు వస్తాయో మీటర్ల లెక్కన గోడల మీదే రాసి ఉండేది. తన ఇంటి గోడ మీద ఆ అంకెను రోజూ చూస్తూ అన్నం తిన్న మనిషి సంగతి తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. మన పత్రికల్లోనూ నిర్వాసితుడు ఎక్కువగా అంకెగానే కనిపిస్తాడు: ఇన్ని కుటుంబాలు, ఇంత పరిహారం. ఆ అంకెకు ముఖం ఇవ్వడమే లియు చేసిన పని.

ఆయనా ఊరు వదిలి వచ్చినవాడే. 1963లో ఈశాన్య చైనా లియావోనింగ్ రాష్ట్రంలో, కాగితం మిల్లు చుట్టూ పెరిగిన జిన్‌చెంగ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పదిహేడేళ్లకు బొమ్మలు నేర్చుకోవడానికి బీజింగ్ వెళ్లాడు. త్రీ గోర్జెస్‌కు 2002 నుంచి వెళ్లడం మొదలుపెట్టి నిర్వాసితుల మీద రెండు భారీ చిత్రాలు గీశాడు. అవి స్టూడియోలో పూర్తయ్యాయి. ‘వెన్‌చువాంగ్’కు వచ్చేసరికి కాన్వాసులనే ఊళ్లోకి మోసుకెళ్లాడు. ఇక్కడే ఆయన పద్ధతి స్థిరపడింది: ఆ చోటికే వెళ్లాలి, మనుషుల్ని ఎదుట కూర్చోబెట్టుకోవాలి, వెలుగు మారుతున్నా గీస్తూనే ఉండాలి. రేపు ఎక్కడుంటాడో తెలియని కూలీ కొన్ని రోజులపాటు కదలకుండా కూర్చున్నాడు. ఫోటోకు క్షణం చాలు. ఈ బొమ్మకు ఆ మనిషి రోజులు కావాలి. నా దృష్టిలో ఆ బొమ్మల బలమంతా ఆ రోజుల్లోనే ఉంది.

దర్శకుడు జియా జాంగ్‌కె ఆ పనినంతా డాక్యుమెంటరీగా చిత్రీకరించాడు. ఆ ఊరు చూశాక అక్కడే కథాచిత్రం కూడా తీశాడు, 2006లో దానికి వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి స్వర్ణసింహం దక్కింది. బొమ్మ సాగుతుండగానే కూలీల్లో ఒకతను కూల్చివేతలో ప్రమాదానికి గురై చనిపోయాడు. లియు ఫోటోలు, పిల్లలకు కానుకలు పట్టుకుని కొండల్లోని అతని ఇంటికి వెళ్లాడు. ఇంటివాళ్లు ఆ ఫోటోలు చేతుల్లోకి తీసుకునే ఘట్టం డాక్యుమెంటరీలో ఉంది.

అదే 2006 నవంబరులో బీజింగ్ వేలంపాటలో లియు త్రీ గోర్జెస్ చిత్రాల్లో ఒకటి 2.2 కోట్ల యువాన్లకు అమ్ముడుపోయింది. కొన్నది రెస్టారెంట్ల యజమాని. ఆ సొమ్ములో చిత్రంలోని మనుషులకు వాటా లేదు. దీన్ని పట్టుకుని చిత్రకారుణ్ని నిలదీసేవారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆయన గీయకపోయి ఉంటే వాళ్లకు ఒరిగేది కూడా ఏమీ లేదు, పైగా ముఖాలూ మిగిలేవి కావు.

ఆ తర్వాత ఆయన దారి ఆనకట్ట దాటిపోయింది. ‘వెన్‌చువాంగ్’ రెండో భాగం బ్యాంకాక్‌లో గీశాడు. మళ్లీ పరుపే, ఈసారి దాని మీద యువతులు, ముందు రాశులుగా పండ్లు. డాక్యుమెంటరీలో వాళ్లలో ఒకామె సొంత ప్రాంతంలో వరదలని విని ఇంటికి బయలుదేరుతుంది. 2012లో షిన్‌జియాంగ్‌లోని హోతాన్ దగ్గర నదిలో జేడ్ అనే విలువైన రాయి కోసం తవ్వే ఉయ్‌ఘర్ ముస్లింలను గీశాడు. యూరప్‌కు శరణార్థులు పోటెత్తిన రోజుల్లో వాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఇటలీలోని ప్రాటోలో బట్టల కర్మాగారాల చుట్టూ స్థిరపడిన చైనీయులను కూడా గీశాడు. 2016లో ఫ్లోరెన్స్‌లోని పలాజో స్ట్రోజీలో వలస పేరుతోనే ప్రదర్శన జరిగింది. ఆనకట్ట తోలినా, యుద్ధం తోలినా, కూలి డబ్బులు పిలిచినా ఆయన అడిగేది ఒకటే: కాసేపు ఇక్కడ కూర్చోండి.

2020 మొదట్లో అమెరికా, మెక్సికో సరిహద్దు మీద చిత్రాల కోసం టెక్సస్ వెళ్లాడు. అంతలో కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయి భార్యాబిడ్డలతో న్యూయార్క్‌లో చిక్కుపడ్డాడు. ఎదుట గంటలకొద్దీ కూర్చునే మనుషులు లేరు, పది మీటర్ల కాన్వాసూ లేదు. నెలల తరబడి చిన్న కాగితాల మీద నీటిరంగులతో ఆ నగరపు వీధుల్నీ, పార్కుల్నీ, పూసిన చెట్లనీ గీస్తూ ఉన్నాడు.