డిప్రెషన్ మాత్రలంటే ఎందుకంత భయం? ఓపీలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

నేను మానసిక వైద్యుణ్ణి. జిల్లా ఆసుపత్రి ఓపీలో కూర్చుంటాను. "నాకు దిగులుగా ఉంది డాక్టరు గారూ" అంటూ వచ్చేవాళ్లు తక్కువ. నీరసం, తల మంట, గుండె దడ, కాళ్లు లాగడం, గ్యాస్ అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ.

ఆమధ్య ఒకామె బట్టల షాపు కవరు నిండా రిపోర్టులు తెచ్చింది. ఈసీజీలు, ఎండోస్కోపీ, థైరాయిడ్, రెండుసార్లు తీయించిన తల స్కాన్. అన్నీ నార్మల్. వాటితో పాటు నీరసానికని ఎక్కించుకున్న సెలైన్ల లెక్క కూడా చెప్పింది. "నిద్ర ఎలా పడుతోందమ్మా?" అని అడిగాను. "మూడింటికే మెలకువ వచ్చేస్తోందండీ. ఇక తెల్లారేదాకా ఫ్యాను వంక చూస్తూ పడుకుంటా." మనవడు ఒళ్లో కూర్చున్నా ఏమీ అనిపించట్లేదట. ఏడుద్దామన్నా ఏడుపు రావట్లేదట. ఆమెది డిప్రెషనే. తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

అపోహ: ఇది తీరిక ఎక్కువైన డబ్బున్నవాళ్ల జబ్బు.

వాస్తవం: 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దల్లో 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్లే. సర్వే నాటికి బాధపడుతున్నవాళ్లు 2.7 శాతం. వెయ్యి మంది ఓటర్లున్న ఊరికి ఈ లెక్క వేస్తే 27 మంది. మానసిక జబ్బులు తక్కువ ఆదాయమున్న ఇళ్లలోనే ఎక్కువగా కనిపించాయి. ఆ 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. కానీ 2017 నాటి పరిస్థితి మీద వచ్చిన మరో దేశవ్యాప్త అధ్యయనంలో డిప్రెషన్ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల సరసన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

నన్ను కుదురుగా ఉండనివ్వని అంకె ఇంకొకటుంది. ఆ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి వైద్యం అందలేదు.

అపోహ: మనసు గట్టి చేసుకుంటే అదే పోతుంది.

వాస్తవం: మనసు గట్టి చేసుకునే శక్తినే ఈ జబ్బు లాగేస్తుంది. "నీకేం తక్కువ?" అని మాత్రం అడగకండి. ఆ మాటతో మనిషి ఇంకా కుంగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: ఆ మాత్రలు మత్తు మాత్రలు. మొదలుపెడితే జీవితాంతం వాడాల్సిందే.

వాస్తవం: జనం రెండు రకాల మందుల్ని ఒకటే అనుకుంటారు. ఆల్ప్రాజోలం లాంటివి గాభరాకు, నిద్రకు ఇచ్చేవి. వాటిని వారాల తరబడి వాడితే అలవాటు పడే ప్రమాదం నిజంగానే ఉంది. చీటీ లేకుండా కొనుక్కుని ఏళ్ల తరబడి మింగేవాళ్లు ఉన్నారు, నా బాధంతా వాళ్ల గురించే. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి వేరు. వాటి కోసం ఒళ్లు ఆరాటపడదు, రోజురోజుకూ డోసు పెంచుకుంటూ పోవాల్సిన పనీ రాదు.

అయితే ఇవి జ్వరం బిళ్లలా పూటలో పనిచేయవు. మొదటి వారం వికారం, తలనొప్పి, కొందరికి కాస్త గాభరా కూడా ఉండొచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే పది రోజులకే "పడట్లేదు" అని మానేస్తారు. ఇంకొందరు నెలన్నరకు బాగవగానే ఆపేస్తారు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అక్కడే. మొదటిసారి వచ్చినవాళ్లు పూర్తిగా బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువ కాలం. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, షాక్ కొట్టినట్టు జివ్వుమనడం ఉండొచ్చు కాబట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఆ కవరు తెచ్చిన ఆమె నాలుగో వారానికి ఐదింటిదాకా నిద్రపోతోంది. కూర్చోగానే "ఇక ఆపేయొచ్చా అండీ?" అంది. ఇంకా ఎన్నాళ్లు వాడాలో చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.

ఒక్క జాగ్రత్త. గతంలో నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు, ఎడాపెడా ఖర్చులు ఉన్న రోజులుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. అది బైపోలార్, అంటే దిగులు, అతి హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు కావొచ్చు, దాని మందులు వేరు.

అపోహ: కౌన్సెలింగ్ అంటే ఉత్త కబుర్లు.

వాస్తవం: జబ్బు తీవ్రత తక్కువైతే చాలామందికి మాత్రలు లేకుండా అదే సరిపోతుంది. కవరు తెచ్చిన ఆమెకు మాత్రతో పాటు కౌన్సెలింగ్‌లో చెప్పిన మొదటి పని, పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వాకిట్లో అరుగు మీద కూర్చోవడం. బుద్ధి పుట్టినప్పుడు కాదు, పుట్టకపోయినా. తర్వాతి వారం వీధి చివరిదాకా నడక.

అపోహ: మానసిక డాక్టరు దగ్గరకెళితే పిచ్చి అని ముద్ర వేస్తారు, కరెంటు పెడతారు.

వాస్తవం: మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను వెక్కిరింతగా వాడే మన అలవాటే సగం మందిని ఆపేస్తోంది. ఇక కరెంటు వైద్యం ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేది కాదు. తిండీ నీళ్లూ మానేసిన, ప్రాణం మీదకు తెచ్చుకునే స్థితిలో ఉన్న రోగికి అది త్వరగా పనిచేస్తుంది. మత్తు, కండరాలను వదులు చేసే మందు ఇవ్వకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

అపోహ: చచ్చిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తాం.

వాస్తవం: పుట్టదు. అడిగాక చాలామంది "ఇన్నాళ్లకు ఒకరు అడిగారు" అన్నట్టు ఊపిరి వదులుతారు. నెమ్మదిగా, నేరుగా అడగండి. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు, మిగిలిన మాత్రలు ఇంట్లోంచి తీసేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. బయల్దేరేలోపు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.