ఒక్క కార్బన్ తేడా: శీతకాలంలో గొట్టాలకు ఏ యాంటీఫ్రీజ్?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అక్టోబరు రాగానే సరస్సుల ఒడ్డున ఉన్న వేసవి కేబిన్లను మూసే పని మొదలవుతుంది. పడవలను నీటిలోంచి తీసి ట్రెయిలర్ల మీదికి ఎక్కిస్తారు. కుళాయిలు, గీజరు, కమోడు అన్నీ ఖాళీ చేస్తారు. వేడి చేసే ఏర్పాటు లేకుండా వసంతం దాకా తాళం వేసి ఉండబోయే ఇళ్లవి. ఆ రాష్ట్రంలోనే టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. వేడి ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన మనవాళ్లకు ఇది పుట్టింట నేర్చుకోని పని కాబట్టి, ఇందులో జరిగే పొరపాటు ఎక్కడ ప్రాణాంతకమో ముందుగా తెలిసి ఉండాలి.

నీరు మంచుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అయితే గొట్టం పగిలేది చాలాసార్లు మంచు గడ్డ ఉన్న చోట కాదు. గొట్టం మధ్యలో ఏర్పడిన గడ్డ పెరుగుతూ, తనకూ మూసి ఉన్న కుళాయికీ నడుమ చిక్కుకున్న నీటిని నెడుతుంది. నీరు ఒత్తిడికి దాదాపుగా కుంచించుకుపోదు కాబట్టి, ఆ బలమంతా గొట్టంలో ఎక్కడ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ బయటపడుతుంది. ఎంత జాగ్రత్తగా నీళ్లు వదిలేసినా పంపు లోపల, వాల్వుల్లో, సింకు కింది వంపు గొట్టంలో కొంత మిగిలిపోతుంది. గడ్డకట్టకుండా కాపాడే ద్రవం, అంటే యాంటీఫ్రీజ్, అవసరం ఆ మిగులు కోసమే.

కారు ఉన్న చాలా ఇళ్లలో రేడియేటర్‌లో పోసే కూలెంట్ డబ్బా ఉంటుంది; చేతికి అందేదీ అదే. దానిలో సాధారణంగా ఉండేది ఇథిలిన్ గ్లైకాల్. కేబిన్ గొట్టాల్లో పోయవలసింది ప్రొపిలిన్ గ్లైకాల్. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నాయి, అణువులూ అలాగే ఉంటాయి: మొదటిదానిలో రెండు కార్బన్లు, రెండవదానిలో మూడు. ఈ ఒక్క కార్బన్ తేడా మన కాలేయంలో రెండు వేర్వేరు దారులు తెరుస్తుంది. మద్యాన్ని విడగొట్టే ఎంజైమే ఇథిలిన్ గ్లైకాల్‌నూ పట్టుకుని, దశలవారీగా గ్లైకాలిక్ ఆమ్లంగా, చివరికి ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. పాలకూరలో కొద్దిగా ఉండే ఆక్సలేట్ ఇదే. కానీ ఇక్కడ అది ఒక్కసారిగా పెద్ద మోతాదులో పుట్టి, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. రక్తం ఆమ్లంతో నిండిపోతుంది, మూత్రపిండాలు ఆగిపోతాయి. పెద్ద మనిషికి సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణం తీయడానికి చాలు. ప్రొపిలిన్ గ్లైకాల్ మాత్రం విరిగి లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పెరుగుకు పులుపునిచ్చేదీ, పరుగెత్తినప్పుడు కండరాల్లో పుట్టేదీ అదే కాబట్టి, మామూలు మోతాదులో శరీరానికి దాన్ని వాడుకోవడం తెలుసు. అందుకే దాన్ని ఆహారంలో, మందుల్లో అనుమతిస్తారు.

ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉండటం దాని మరొక ప్రమాదం. పిల్లలు, కుక్కలు నేల మీద ఒలికినదాన్ని ఇష్టంగా తాగేస్తాయి. విరుగుడు ఉంది: 1997లో అమెరికాలో ఆమోదం పొందిన ఫోమెపిజోల్ అనే మందు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కానీ విషం ఆక్సలేట్‌గా మారకముందే ఆసుపత్రికి చేరగలగాలి, మొదటి గంటల్లో కనిపించేది మత్తులాంటి తూలుడే కాబట్టి చాలామంది ఆలస్యం చేస్తారు.

ఈ విషం తాగే నీటిలో కలిసే ప్రమాదం ఊహ కాదు. 1987లో నార్త్ డకోటాలో ఒక గ్రామీణ అగ్నిమాపక కేంద్రంలో జరిగిన విందులో, భవనాన్ని వేడి చేసే వ్యవస్థకు చెందిన కుళాయి నీటితో పళ్లరసం పొడి కలిపారు. ఆ వ్యవస్థలో ఇథిలిన్ గ్లైకాల్ ఉంది. పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. తాగే నీటి గొట్టంలోకి వెళ్లే ప్రతి ద్రవాన్నీ, రేపు ఎవరో తాగబోయేదిగానే చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక డబ్బా మీది అంకె. అమెరికాలో పడవలకు, కేబిన్లకు అమ్మే గులాబీ రంగు డబ్బాలపై ‘మైనస్ 50’ అని పెద్దగా రాసి ఉంటుంది. అది ఫారన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 46 డిగ్రీల సెల్సియస్. అంత చలి వచ్చేవరకు ద్రవం నీళ్లలా పలచగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ రకం మైనస్ 10 నుంచి మైనస్ 15 సెల్సియస్ మధ్యలోనే చిక్కబడటం మొదలుపెడుతుంది. మంచు స్ఫటికం తనలోకి నీటి అణువులనే తీసుకుని గ్లైకాల్‌ను బయటికి నెట్టేస్తుంది. దానితో మిగిలిన ద్రవంలో గ్లైకాల్ పాలు పెరిగి, అది ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకు గాని గడ్డకట్టదు. అందుకే రాయిలాంటి గడ్డకు బదులు మెత్తటి మంచు జావ ఏర్పడుతుంది, ఆ జావకు కదిలే గుణం ఉంటుంది. వ్యాకోచం ఖాళీ ఉన్న వైపు జరిగిపోతుంది గనుక గొట్టం గోడ మీద భారం పడదు. డబ్బా మీది అంకె ద్రవం గడ్డకట్టే బిందువు కాదు, గొట్టం పగలకుండా కాపాడే హద్దు. అంటే మూడు సంగతులు తేలుతున్నాయి: జావ జరగడానికి కుళాయి కొంచెం తెరిచి ఉంచాలి, టవర్ లాంటి చోట మైనస్ 50 రకం చాలదు, గ్లైకాల్ ఎక్కువగా ఉండే మైనస్ 100 రకం కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా, డబ్బు మిగులుతుందని ద్రవంలో నీళ్లు కలపకూడదు. గొట్టంలో మిగిలిన నీరే దాన్ని పలచబరుస్తుంది. అందుకే ముందు ఖాళీ చేసి, కుళాయిలోంచి రంగు పలచబడకుండా వచ్చేవరకు నింపుతారు.

రంగును మాత్రం నమ్మకూడదు. గులాబీ రంగుకు చట్టపరమైన అర్థమేమీ లేదు. కొన్ని కార్ల కూలెంట్లు కూడా గులాబీ రంగులోనే వస్తాయి. నమ్మవలసింది డబ్బా వెనుక పదార్థాల జాబితాను, భద్రతా పత్రంలోని సి.ఎ.ఎస్. సంఖ్యను, అంటే ప్రతి రసాయనానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్యను. 57-55-6 అంటే ప్రొపిలిన్ గ్లైకాల్, 107-21-1 అంటే ఇథిలిన్ గ్లైకాల్. 111-46-6 కనిపిస్తే అది డైఇథిలిన్ గ్లైకాల్. 1986లో ముంబయిలోని ఒక ఆసుపత్రిలో గ్లిజరిన్‌లో కలిసి 14 మంది ప్రాణాలు తీసింది అదే.

చవక రకాల్లో కొన్నిటిలో ఇథనాల్ కలుస్తుంది. అది మండే ద్రవం, దాని ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగు గదిలాంటి ఇరుకు చోట అది నిలిచిపోవడం మంచిది కాదు. రబ్బరు సీళ్లను ఎండగొడుతుంది కూడా. కారు అద్దాలు కడిగే ద్రవంలో సాధారణంగా మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటుంది. దాన్ని గొట్టాల్లో పోయడం అనేది ఆలోచనే కాకూడదు.

గీజరును ముందుగా కరెంటు ఆపి, ఖాళీ చేసి, బైపాస్ వాల్వు తిప్పి, ద్రవం దానిలోకి వెళ్లకుండా పక్కకు తప్పిస్తారు. లేకుంటే ట్యాంకు నిండా ద్రవం వృథా అవుతుంది. వసంతంలో కేబిన్ గొట్టాలను రంగూ రుచీ పోయేవరకు మంచినీళ్లతో కడుగుతారు. శీతకాలానికి ఇదే ద్రవం నింపి ఉంచిన పడవ ఇంజన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రొపిలిన్ గ్లైకాల్ సూక్ష్మజీవులకు ఆహారం. నీటిలో అది విచ్ఛిన్నమయ్యేటప్పుడు వాటికి ఆక్సిజన్ చాలా కావాలి, చిన్న కొలనులో ఆ లోటు చేపలకు ప్రాణసంకటం. అందుచేత పడవను సరస్సులోకి దించకముందే, ట్రెయిలర్ మీద ఉండగానే ఇంజన్‌కు హోస్ పైపు తగిలించి నడిపి, బయటికి వచ్చే గులాబీ నీటిని బకెట్‌లో పట్టి, స్థానిక వ్యర్థ సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.